మూడు ఆఫీసుల మధ్య మా అక్క పెళ్ళి

సప్తమి, ఉదయపు పోటు

ఈ అన్యాయం చేసినవాడు కార్యదర్శి పేర్రాజు. పేరు దాచను. ఒకే కంప్యూటర్లో మూడు ఆఫీసులు ఎక్కించినవాడు ఆయనే. చరిత్ర ఆయన్ని క్షమించినా నేను క్షమించను.

తెప్పల మీద తేలే మా ఊరు తేలులంకలో ఉన్నది ఒకే కంప్యూటరు. సభ తెప్ప మీద, రేకుల కప్పు కింద, ఉప్పుగాలి తగలకుండా దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. ఏ తెప్పకు ఎన్ని నీళ్ళు వదలాలో, ఏ తెప్పను ఏ కొక్కెం పట్టుకోవాలో, ఎవరికి ఎన్ని చేపలు పంచాలో, అన్నిటికీ దాని మాటే మాట. దానికి మాత్రం కాగితంలో ఏముంటే అదే మాట. ఆ కాగితం రాసే ప్రోగ్రాము పేరు ఆఫీసు.

లంకలు మునిగినప్పుడు మా తూర్పు తెప్పల వరస ముందుగా తేలి వచ్చింది. వస్తూ తన ఆఫీసు వెర్షన్ తాను తెచ్చుకుంది. తర్వాతి వరదకు నడి వరస, ఆ తర్వాతి వరదకు పడమర వరస వచ్చి కలిశాయి. ఎవరి కాగితాలు వాళ్ళవి, ఎవరి వెర్షన్ వాళ్ళది. జనం వాటికి పాతాఫీసు, నడిమాఫీసు, కొత్తాఫీసు అని పేర్లు పెట్టారు. కలిసిన రోజునే కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోవలసింది. పేర్రాజు గారు తేల్చలేదు. "ఎవరి మనసూ కష్టపెట్టకూడదు బాబూ" అంటూ మూడింటినీ ఒకే పెట్టెలో కుక్కాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈయన మూడు దూర్చి, పైన పసుపు, కుంకుమ పెట్టాడు.

అప్పటినుంచి ఎవరు చివర తెరిస్తే వాళ్ళదే రాజ్యం. పాతాఫీసును తెరవగానే "దయచేసి ఆగండి, నన్ను నేను సర్దుకుంటున్నాను" అంటుంది. సర్దుకుని, ఊళ్ళో కాగితాలన్నీ తన పేర రాయించుకుంటుంది. తర్వాత కొత్తాఫీసును తెరిస్తే అదీ అదే మాట అని అదే పని చేస్తుంది. అవి సర్దుకుంటున్నంతసేపూ పంపులు ఆగిపోతాయి. నిన్న మా పక్క తెప్ప మంగాయమ్మ పిన్ని తలంటుకుంటూ ఉండగా నీళ్ళు ఆగిపోతే, నెత్తిన నురగతోనే సభ తెప్పకు నడిచి వచ్చి, కంప్యూటర్ని వదిలేసి నన్ను తిట్టింది.

తూర్పు వరస తరఫున మీటలు నొక్కేది నేను. పేరు మరిడయ్య. నాది కరపత్రాల చదువు. వరదకు కొట్టుకొచ్చిన రేకు పెట్టెలో ఒక కట్ట దొరికింది. చాలావాటికి చివరి పుటలు నానిపోయాయి. అందుచేత విప్లవం ఎలా ముగియాలో నాకు కచ్చితంగా తెలియదు. ఎలా మొదలవ్వాలో మాత్రం బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే పౌర్ణమి పోటుకు, ప్రతి ఏడాదిలాగే, తేలులంక రెండుగా విడిపోతుంది. పడమర వరస, నడి వరసలో సగం, వాన నీళ్ళు పట్టడానికి ఏటి మొగకు పోతాయి. మిగతావాళ్ళం చేపల కోసం సముద్రం వైపు పోతాం. మళ్ళీ కలిసేది నాలుగు నెలల తర్వాతే. మా అక్క వరహాలు తెప్ప తూర్పు వరసలో ఉంది. ఆమె చేసుకోబోయే దేవుళ్ళు, తెడ్లు చెక్కేవాడు, పడమర వరసలో ఉన్నాడు. చతుర్దశి లోపల వాళ్ళ పెళ్ళి కంప్యూటర్లోకి ఎక్కితే రెండు తెప్పలూ ఒకే కొక్కేనికి వస్తాయి. ఎక్కకపోతే ఆమెను ఒక గొలుసు ఇటు, అతణ్ణి ఒక గొలుసు అటు లాక్కుపోతాయి.

ఈ ఉదయం నేనే స్వయంగా పాతాఫీసు తెరిచి నమోదు చేశాను. "వరహాలు, దేవుళ్ళు: పెళ్ళి." కంప్యూటరు సరేనంది.

అక్క తన తెప్ప మీద తాడుకి మూడు ముళ్ళు వేసి, గట్టితనం చూసుకుంటోంది. మా దగ్గర తాళి కంటే ముందు తాడు కడతారు. తెప్పకూ తెప్పకూ మూడు ముళ్ళు పడితేనే మొగుడూ పెళ్ళాం.

అష్టమి, ఆటు

పొద్దున లేచేసరికి అక్క తెప్ప మీద బుట్టెడు పచ్చి చేపలు, ఒక గోనెసంచి, చిన్న గంట ఉన్నాయి.

అక్క, దేవుళ్ళు, నేను ముగ్గురం సభ తెప్పకు వెళ్ళాం. పేర్రాజు గారు తెర వంక చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నా పెళ్ళి ఏమైందండీ?" అంది అక్క.

"అయిందమ్మా. నిక్షేపంగా అయింది. కాకపోతే... పిల్లిగా అయింది."

"పిల్లా?"

"నిన్న సాయంత్రం పడమర వరసవాళ్ళు కొత్తాఫీసు తెరిచారు. దానికి మీ స్పెల్లింగు నచ్చలేదు. 'పెళ్ళి అనే మాట లేదు, మీ ఉద్దేశం పిల్లి కావచ్చు' అని అదే దిద్దేసుకుంది."

"ఎవరండీ పిల్లి? నేనా, ఆయనా?"

"అది చెప్పలేదమ్మా. ఇద్దరూ కలిపి ఒక పిల్లి అన్నట్టుంది."

అక్క దేవుళ్ళు వైపు తిరిగింది. "ఏవయ్యా, విన్నావా? నువ్వేమంటావు?"

"ఆయ్" అన్నాడు దేవుళ్ళు. అతను ఒప్పుకున్నా, కాదన్నా, ఆకలేసినా అనేది అదే మాట.

బయటివాళ్ళకు ఇది నవ్వులాట. తేలులంకలో పిల్లి అంటే ఉద్యోగి. ఎలుకలు తాళ్ళు కొరికితే తెప్పలు విడిపోతాయి కాబట్టి పిల్లికి మనిషి కంటే ఎక్కువ చేప ఇస్తారు. మనిషి కంటే పిల్లికి విలువ ఇచ్చే వ్యవస్థ గురించి నా దగ్గర ఒక మంచి కరపత్రం ఉంది. అక్కడే నిలబడి చదవబోయాను.

"ముందు ఆ గంట ఎందుకిచ్చారో అడగరా" అంది అక్క.

"మెడలో కట్టుకోడానికమ్మా" అన్నారు పేర్రాజు గారు, నేల చూపులు చూస్తూ.

దశమి, ఉదయపు పోటు

రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. రోగం దొరికింది. పాతాఫీసు పెళ్ళిలో ళ కింద ళ ఒత్తు ఇస్తుంది. కొత్తాఫీసు ళ కింద ల ఒత్తు ఇచ్చి 'పెళ్లి' అంటుంది. నడిమాఫీసు "సరిచేయమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. కింద రెండే జవాబులు ఉంటాయి: 'అవును', 'తప్పకుండా'.

నేను కొత్తాఫీసులో 'పెళ్లి' అని రాశాను. మా వరసవాళ్ళు పాతాఫీసు తెరవగానే అది మళ్ళీ పిల్లి అయింది. మార్చిన కొద్దీ పిల్లులు పెరిగాయి. అక్క తెప్పకు ఇప్పుడు రోజుకు నాలుగు బుట్టలు వస్తున్నాయి.

"ఒత్తుల్లో ఏది ఒప్పో ఇవాళ తేల్చండి!" అని సభలో బల్ల గుద్దాను.

"రెండూ ఒప్పేనయ్యా" అన్నారు పేర్రాజు గారు.

"రెండూ ఒప్పు ఎలా అవుతాయండీ? అన్నీ ఒప్పు అనేవాడే అసలు తప్పు!"

"అబ్బాయ్, ఆ బల్ల గుద్దకు. కంప్యూటరు దాని మీదే ఉంది."

ఇది ఒక్క పెళ్ళితో పోయేది కాదు. నీళ్ళు, ఇళ్ళు, పెళ్ళి, ముళ్ళు: మనిషికి కావలసినవన్నీ ఆ ఒత్తు మీదే వేలాడుతున్నాయి. కంప్యూటరు నీళ్ళు వేరు, నీళ్లు వేరు అనుకుని రెండు తొట్లు లెక్క వేస్తోంది. ఒక తొట్టి పొర్లిపోతూ ఉంటే రెండోది ఎండిపోయిందని మా పంపు కట్టేసింది. టీ దుకాణం దగ్గర పడమర వరసవాడొకడు "మా నీళ్లు తాగుతారా?" అని జాలి పడితే, మా మంగాయమ్మ పిన్ని "మీ ఒత్తు మీరే తాగండి" అంది. మనుషులు నోటితో పలికితే రెండూ ఒకలాగే వినిపిస్తాయి. అయినా ఎవరు ఏ ఒత్తుతో తిట్టారో అందరికీ తెలిసిపోయింది.

ఏకాదశి, ఆటు

చేపల బుట్టలు తీసేవాళ్ళు లేరు. పిల్లి వాటా ముట్టుకుంటే జరిమానా. మధ్యాహ్నం తొమ్మిదో బుట్ట దింపగానే అక్క తెప్ప కొక్కెం ఠప్పున ఊడిపోయింది. అక్క తల ఆరబెట్టుకుంటూ, తొమ్మిది బుట్టల చేపలతో, గంటతో సహా, ఉప్పుటేటి మీద మెల్లగా తేలిపోవడం మొదలుపెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ! నీ కరపత్రంలో ఈత గురించి ఏవన్నా ఉందేంట్రా?" అని అరిచింది.

దేవుళ్ళు "ఆయ్" అంటూ తెడ్డుతో సహా దూకాడు. తెడ్డు మునగలేదు, అతనూ మునగలేదు. తెప్పను తోసుకొచ్చాడు.

పేర్రాజు గారు కొక్కేన్ని పరీక్షించారు. "ఇందులో కంప్యూటరు తప్పేం లేదమ్మా. ఇది స్ప్రింగు పని. మోయగల బరువు మించితే గొలుసు తెగకుండా కొక్కెం దానంతటదే వదిలేస్తుంది. కంప్యూటరు పట్టుకోమన్నా వినదు" అన్నారు.

"అంటే కంప్యూటరు మాట విననిది ఊళ్ళో ఒకటుందన్నమాట" అన్నాను.

"రెండు. మా ఆవిడ కూడా వినదు."

సాయంత్రానికి సభ తెప్ప ముందు జనం. న్యాయం కోసం కదిలారనుకుని గుండె పొంగింది. దగ్గరికి వెళ్తే అందరూ తమను కూడా పిల్లులుగా రాయమంటున్నారు.

త్రయోదశి, ఉదయపు పోటు

ఈ పుట మొదలుకొని ఒక అక్షరం కనిపించదు. ల కాదు. నాలుక మడిచి పలికే దాని పెద్దన్న. ముందు పుటలు అచ్చు తీసి ఉంచాను కనుక అవి బతికాయి.

జరిగింది ఇది. రోగాన్ని కొమ్మలు నరికితే పోదు, వేరుతో పెరకాలి అని ఒక కరపత్రం చెబుతుంది. పొద్దున్నే సభ తెప్పకు పోయి పాతాఫీసును పెరికేశాను. పక్షపాతం అనకూడదని మా వరస ఆఫీసునే తీశాను. పోయేముందు అది అడిగింది: "ఇతరులతో పంచుకున్న సామాను కూడా తీసేయమంటారా? ఎవరైనా వాడుకుంటూ ఉండవచ్చు." పంచుకోవడం పేరిట జరిగే దోపిడీ గురించి నా దగ్గర నాలుగు కరపత్రాలు ఉన్నాయి. తీసేయమన్నాను.

ఆ పంచుకున్న సామానులో ఆ అక్షరం ఉంది. మూడు ఆఫీసులూ వాడుకునేది దాన్నేనట. కింద ఏ ఒత్తు పెట్టాలని ఇంతకాలం తన్నుకున్న ముగ్గురికీ పై అక్షరం ఒక్కటే!

ఇప్పుడు తెర మీద మా బావ పేరు 'దేవు' దగ్గర ఆగిపోయి, పక్కన ఒక చిన్న గడి కనిపిస్తోంది. బావకు చూపించాను. "ఆయ్" అన్నాడు. ఈసారి కాస్త నెమ్మదిగా అన్నాడు.

పేర్రాజు గారు తన దగ్గరున్న బిస్కెట్ డబ్బాలోంచి పాత డిస్కు తీసి పాతాఫీసును తిరిగి ఎక్కించారు. ఆఫీసు వచ్చింది, అక్షరం రాలేదు. పంపులను జనం చేత్తో తిప్పుకుంటున్నారు. తెప్పలను కొక్కేలకు పంచే పట్టీలో, జంటలను నమోదు చేసే గడి పేరే ఆ పాత మాట, ఇప్పుడు రాయలేని మాట. గడి పేరే చెడిపోయాక లోపల వివాహం అని రాసినా, పరిణయం అని రాసినా కంప్యూటరు చదవదు. రేపే చతుర్దశి.

"నీ మీద ఫిర్యాదు రాయాలి బాబూ" అన్నారాయన. "కానీ 'మరిడయ్య వల్ల ఆ అక్షరం పోయింది' అని రాయాలంటే ఆ అక్షరం కావాలి."

బావ అమ్మ కనకవ్వ ఎగువ గోదావరి మనిషి. వరదకు కొట్టుకొచ్చినా మాట తీరు కొట్టుకుపోలేదు. సభ తెప్ప గుంజను ఆనుకుని కూర్చుంది. "మా పోరని పెండ్లి ఎప్పుడు చేస్తరు బిడ్డా? అద్దుమరాత్రి దాకా గీ డబ్బ ముంగట కూసుంటరా?" అంది.

మీటలు వదిలేసి ఆమె వైపు తిరిగాను.

"ఏమన్నావు అత్తా?"

"పెండ్లి అన్న. మా దిక్కు గట్లనే అంటం. ఇండ్లు, పెండ్లి. మీరే నాలుక మెలేసుకుని సస్తున్నరు."

పెండ్లి. రాశాను. పాతాఫీసులో తెరిచాను: పెండ్లి. నడిమాఫీసులో తెరిచాను. సరిచేయమంటారా అని కూడా అడగలేదు: పెండ్లి. కొత్తాఫీసు కాసేపు ఆలోచించి "ఈ మాట నాకు తెలియదు, ఉన్నదున్నట్టు వదిలేస్తున్నాను" అంది: పెండ్లి. మూడు వరసలు కలిశాక మూడు ఆఫీసుల్లోనూ ఒకేలా తెరుచుకున్న మొదటి మాట మా అక్కది.

గంతేశాను. పేర్రాజు గారు కూడా ఒక చిన్న గంతు వేశారు. అప్పుడు అక్క అడిగింది: "కొక్కెం ఏమంటోంది?"

కొక్కెం ఏమీ అనలేదు. దాని పట్టీలో మార్పు లేదు. ఆ మాట ఆఫీసులకు తప్పు కాదు, అంతే. వాటికి అది మాటే కాదు.

కనకవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాలుగు నెలలు. వానలో మొగ దగ్గర ఏ తెప్ప ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? పోయిన ఏడాది విడిపోయిన తెప్పలన్నీ తిరిగి రాలేదు. బావ తెడ్డు చెక్కుతూ ఉన్నాడు. చూస్తే అది ఇద్దరు పట్టుకునే తెడ్డు.

నా దగ్గర కరపత్రం ఒక్కటి కూడా మిగలలేదు. చివరి పుటలు నానిపోయాయని చెప్పాను కదా.

అక్క తన తెప్ప మీద వాసన వేస్తున్న తొమ్మిది బుట్టల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఒరేయ్ మరిడీ. చేపలకే వదిలేసిన కొక్కెం, చుట్టాలకి వదలదా?"

చతుర్దశి, ఆటు

మూడు వరసలకూ అంటించడానికి ఇది అచ్చు వేస్తున్నాను. ఏ ఆఫీసులో తెరిచినా ఒకేలా ఉంటుంది, పరీక్షించాను.

తేలులంక ప్రజలారా!

తూర్పువారూ, నడివారూ, పడమరవారూ! మీ పెట్టె మిమ్మల్ని మూడు ముక్కలు చేసింది. ఒత్తుల పేరుతో నీరు ఆపింది. మనిషిని పిల్లి చేసింది. రేపు మా అక్క వరహాలును ఒకవైపు, మా బావను ఒకవైపు లాగాలని చూస్తోంది. దానికి కాగితం భాష తప్ప తెలియదు. కొక్కేనికి మాత్రం ఒక్క భాష తెలుసు: బరువు.

రేపు పౌర్ణమి. పోటు ఏడు గంటలకు తిరుగుతుంది, గొలుసులు అప్పుడు కదులుతాయి. అంతకుముందే పడమర వరస చివర మా బావ తెప్ప మీద అందరూ నిలబడాలి. కొక్కెం వదిలేసిన మరుక్షణం తెడ్లు వేసి అక్క తెప్ప దాకా పోతాం, అక్క తాడు విసురుతుంది, బావ అందుకుంటాడు, మూడు ముడులు పడతాయి. ఆ తర్వాత ఎవరి తెప్పలకు వారు దిగిపోవచ్చు. అక్క కొక్కెం మోయగలిగిన బరువులో అక్క, బావ, కనకవ్వ, నేను ఇముడుతాం. లెక్క వేసింది పేర్రాజు గారు. వేలి కణుపుల మీద వేశారు, కంప్యూటరు మీద కాదు.

ఆయన నన్ను పక్కకు పిలిచి "నేను కూడా రావచ్చా బాబూ? మా ఆవిడ కూడా వస్తానంటోంది. ఇద్దరం కలిస్తే కాస్త బాగానే తూగుతాం" అని అడిగారు. రమ్మన్నాను. క్షమించానని అనుకోవద్దని కూడా చెప్పాను. "అలాగే బాబూ. క్షమించకపోయినా బరువు బరువే కదా" అన్నారు.

మంగాయమ్మ పిన్ని పడమర వరస టీ దుకాణంవాడిని పిలిచింది. వాడు టీ కాచే ఇత్తడి సమోవర్ మోసుకొస్తానన్నాడు. అది కూడా బరువే.

ఈ పెండ్లికి కానుకలు వద్దు. విందు కూడా మేము పెట్టము, మీరే ఇంట్లో విందు చేసుకుని రండి. చద్దన్నం రెండోసారి వడ్డించుకోండి. మజ్జిగ వదలకండి. సన్నగా ఉన్నవారు సిగ్గుపడవద్దు, తలో రాయి తెచ్చుకోండి. పిల్లలను ఎత్తుకుని రండి. అలిగినవారు అలిగే రండి, అలక తీర్చుకోవడానికి నాలుగు నెలలు ఉంది. అసలైన పిల్లులకు కూడా ఆహ్వానం ఉంది, గంటలతో సహా.

రేపు ఉదయం, సరిగ్గా ఆరు గంటలకు, పడమర వరస చివరి తెప్ప.

కడుపు నిండా తిని రండి.